మైదానంలో స్ట్రాబెర్రీ: విత్తనమా పిలకా, కుండీయా నేలా, పళ్ళా పిల్లమొక్కలా?

డిసెంబరులో లంబసింగి చూసొచ్చినవాళ్ళు నన్ను అడిగేది ఒకటే: "అక్కడ స్ట్రాబెర్రీ అంత బాగా కాస్తోంది కదా, మన మేడ మీద కాయదా?" కాస్తుంది. విజయనగరంలో మా మేడ మీద 2018 నుంచి పెంచుతున్నాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి దగ్గర మా ఆడపడుచు పెరట్లో, కొబ్బరిచెట్ల పక్కన నేలలోనూ కాసింది. అయితే లంబసింగిలో చేసినట్టు ఇక్కడ చేస్తే మాత్రం కాయదు. అది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు. చలికాలం రాత్రుళ్ళు అక్కడ సున్నా దగ్గరికి దిగుతుంది. మనకు కార్తీకం నుంచి చల్లబడుతుంది, శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ వెళ్ళిపోతుంది. ఆ మధ్యలో ఉన్న నాలుగు నెలలే స్ట్రాబెర్రీవి. కింద చెప్పే ప్రతి ఎంపికనూ నేను ఆ నాలుగు నెలలతోనే కొలిచాను.

విత్తనం, వట్టి వేళ్ళ మొక్క, ట్రే మొక్క

ముందు విత్తనాల సంగతి తేల్చేద్దాం, డబ్బు, ఓపిక ఎక్కువగా పోయేది అక్కడే. ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు చవకగా దొరుకుతాయి, బొమ్మలు ఊరిస్తాయి. నీలం రంగు స్ట్రాబెర్రీ అని కూడా అమ్ముతున్నారు. అలాంటి పండు ప్రపంచంలో ఎక్కడా లేదు, దయచేసి కొనకండి. నేను మొదట తెప్పించిన ప్యాకెట్‌లో మొలిచింది ఏదో గడ్డి. సరైన విత్తనమే దొరికిందనుకున్నా, తడి టిష్యూలో చుట్టి మూడు వారాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. తర్వాత మట్టి కప్పకుండా పైనే చల్లాలి, మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. మొలక రావడానికి రెండు వారాలు పట్టొచ్చు, ఆరు వారాలూ పట్టొచ్చు. అక్కడి నుంచి కాపుకొచ్చే సైజు రావడానికి ఇంకో ఐదారు నెలలు. లెక్క వేసి చూడండి. ఆగస్టులో చల్లితే వానల తేమకు మొలకలు కుళ్ళిపోతాయి. అక్టోబరులో చల్లితే మొక్క తయారయ్యేసరికి ఏప్రిల్ ఎండ నెత్తి మీద ఉంటుంది. మన చలికాలంలో విత్తనానికి సరిపడే వ్యవధి లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. సువర్ణరేఖ మామిడి టెంక నాటితే సువర్ణరేఖ కాయదని మనకు తెలుసు. ఇదీ అంతే. మనం తినే పెద్ద స్ట్రాబెర్రీ ఉత్తర అమెరికా జాతి ఒకటి, చిలీ జాతి ఒకటి ఫ్రాన్సులో కలిసి, 18వ శతాబ్దంలో పుట్టిన సంకరం. కొన్న పండు మీది గింజలు గీరి నాటితే ఒక్కో మొక్క ఒక్కోలా వస్తుంది. పిల్లలకు చూపించడానికైతే సరదాగా చెయ్యండి. ఆ పైన కనిపించే ఒక్కో గింజా నిజానికి ఒక్కో పండు, ఎర్రటి గుజ్జంతా పువ్వు అడుగుభాగం ఉబ్బి తయారైంది. ఆ ముక్క చెప్తే పిల్లలు నోరు తెరిచి వింటారు. పళ్ళు కావాలంటే మాత్రం మొక్కే కొనాలి.

మొక్కలు రెండు రకాలుగా వస్తాయి. మహాబలేశ్వర్, పంచగని ప్రాంతం నుంచి కట్టలుగా కట్టి, తడి కాగితంలో చుట్టి పంపే వట్టి వేళ్ళ మొక్కలు ఒకటి. ట్రే గుంతల్లో కొబ్బరిపొట్టులో పెంచి, వేళ్ళు చెదరకుండా ఇచ్చేవి రెండోది. వట్టి వేళ్ళవి చవక. కానీ అక్టోబరు వేడిలో పార్సిల్‌లో నాలుగు రోజులు ప్రయాణం చేసి వస్తే సగం వాడిపోయి ఉంటాయి. నేను ఇరవై తెప్పిస్తే పన్నెండు నిలబడ్డాయి. ట్రే మొక్క ధర ఎక్కువ, నాటిన మర్నాడే నిటారుగా నిలబడుతుంది. పదీ పదిహేను కుండీలు పెట్టుకునేవాళ్ళకు నా సలహా ట్రే మొక్కే. యాభై అరవై మొక్కలతో పెరట్లో మడి వేద్దామనుకుంటే వట్టి వేళ్ళవి తెప్పించండి. వచ్చిన రోజే వేళ్ళు గంటసేపు నీళ్ళలో ఉంచి, సాయంత్రం నాటి, వారం రోజులు నీడ పట్టండి. నర్సరీకి వెళ్ళి కొంటే మాత్రం ఆకులు చూసి మురిసిపోకండి. ట్రే నుంచి మొక్కను మెల్లగా లాగి వేళ్ళు చూడండి. తెల్లగా, లేత గోధుమ రంగులో ఉంటే తీసుకోండి, నల్లగా ఉంటే వదిలెయ్యండి. పళ్ళు వేలాడుతున్న మొక్క కంటే పువ్వు లేని గట్టి మొక్క మేలు.

టిష్యూ కల్చర్ మొక్కలు, అంటే ల్యాబులో చిన్న మొక్క ముక్క నుంచి పెంచినవి, కూడా దొరుకుతాయి. వైరస్ తెగుళ్ళు లేకుండా వస్తాయి కాబట్టి పిల్లమొక్కలు తీసి పెంచే నర్సరీవాళ్ళకు అవి విలువైనవి. ఒక్క చలికాలం పళ్ళు తినడానికి ఇంట్లో అంత ఖర్చు అక్కర్లేదు.

ఎప్పుడు నాటాలి

ఈ ఒక్క విషయంలో నేను గట్టి దెబ్బ తిన్నాను. 2018లో ఉత్సాహం పట్టలేక అక్టోబరు మొదటి వారంలోనే నాటేశాను. 11వ తేదీన తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా వైపు గాలి తక్కువే, కుండీల్లో నీళ్ళు నిలిచి వారం తిరక్కుండా మొక్కల నడుమ కొత్త ఆకు పుట్టే మొవ్వులు కుళ్ళిపోయాయి. మా ఆడపడుచు వాళ్ళ కొబ్బరిచెట్లే కూలిపోయాయి, ఆ ఇంట్లో ఆ రోజు స్ట్రాబెర్రీల మాట ఎత్తడానికి నోరు రాలేదు. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరు 12నే. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు అక్టోబరు మధ్యలో ఏ లేత మొక్కకూ భరోసా లేదు.

అందుకని దసరా తర్వాత మా ఊళ్ళో జరిగే పైడితల్లి సిరిమాను సంబరం అయ్యాక కుండీలు, మట్టి సిద్ధం చేసుకుంటాను. అక్టోబరు ఆఖరి వారం నుంచి నవంబరు పది లోపు నాటుతాను. అలా నాటితే డిసెంబరు మధ్యకు పూత, పువ్వు పూసిన నెలకు పండు. సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్లల చేతికి మొదటి పళ్ళు అందుతాయి. నవంబరు చివరికి జారిపోతే కాపు నెల తగ్గుతుంది, ముందుకు జరిగితే వాన గండం. ఆ పది పదిహేను రోజులూ వదులుకోవద్దు.

రకాలు

మన దగ్గర దొరికే పేర్లు నాలుగైదే: వింటర్ డాన్, స్వీట్ చార్లీ, కామరోసా, చాండ్లర్, ఫెస్టివల్. వీటిలో స్వీట్ చార్లీ, వింటర్ డాన్, ఫెస్టివల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రకాలు. కామరోసా, చాండ్లర్ కాలిఫోర్నియావి. మనకు కావలసింది తొందరగా కాపుకొచ్చేది. నా ఓటు వింటర్ డాన్‌కి, తర్వాత స్వీట్ చార్లీకి. స్వీట్ చార్లీ తియ్యగా ఉంటుంది, పండు మెత్తన, కోసిన పూటే తినాలి. కామరోసా పండు పెద్దది, గట్టిది, దూరం పంపేవాళ్ళకు బాగుంటుంది. కాపు కాస్త ఆలస్యం కాబట్టి మనకు ఆ ఆలస్యమే నష్టం.

"ఏడాది పొడుగునా కాస్తుంది" అని ఆల్బియన్ లాంటి రకాలు అమ్ముతారు. పగలు ఎంత పొడుగున్నా పూసే గుణం వాటికి నిజంగానే ఉంది. చల్లటి దేశాల్లో వేసవి పగలు పదిహేను, పదహారు గంటలుంటుంది, అక్కడ ఆ గుణం పనికొస్తుంది. మనకు జూన్‌లో కూడా పగలు పదమూడుంపావు గంటలే. మన పూత ఆగిపోయేది పగలు పొడుగై కాదు, వేడికి. ఆ వేడి ముందు ఆల్బియన్ అయినా తల వంచాల్సిందే. అదనంగా డబ్బు పెట్టకండి.

కుండీ, గ్రో బ్యాగ్, నేల

మేడ ఉన్నవాళ్ళకు, పెరడు ఉన్నవాళ్ళకు జవాబు వేరు. స్ట్రాబెర్రీ వేళ్ళు లోతుకు పోవు, ఎనిమిది అంగుళాల కుండీలో ఒక మొక్క హాయిగా ఉంటుంది. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగ్‌లో మూడు పెట్టొచ్చు. మట్టి కుండీ చెమ్మను బయటికి వదిలి చల్లగా ఉంటుంది, నల్ల ప్లాస్టిక్ కుండీ ఫిబ్రవరిలోనే కాలుతుంది. నేను ఒకే రోజు నాటిన మొక్కల్లో మట్టి కుండీల్లోవి పది రోజులు ఎక్కువ కాశాయి. బరువే ఇబ్బంది. వేలాడదీసే కుండీలు చూడ్డానికి బాగుంటాయి గానీ గాలికి రోజుకు రెండుసార్లు ఎండిపోతాయి. పీవీసీ గొట్టాలకు చిల్లులు పెట్టి పెంచే పద్ధతి మన ఎండకు వద్దనే అంటాను.

కుండీకున్న పెద్ద లాభం ఏమిటంటే దాన్ని జరపొచ్చు. వాన వస్తే సజ్జ కిందికి, ఫిబ్రవరి చివర తూర్పు గోడ పక్కకు. నేలలో ఉన్న మొక్కను ఎక్కడికీ తీసుకెళ్ళలేం. కానీ నేల చల్లన, నీళ్ళు తప్పినా ఒక రోజు ఓర్చుకుంటుంది. మా ఆడపడుచు ఇసుక కలిసిన ఎర్రనేలలో జానెడు ఎత్తు మడి చేసి, అడుగు దూరంలో ఒక్కో మొక్క నాటింది. పళ్ళ లెక్కలో ఆమె మడే నా కుండీలను మించింది. పెరట్లో ఉదయం ఎండ తగిలి, మధ్యాహ్నం కొబ్బరి నీడ పడే చోటుంటే నేలనే ఎంచుకోండి. ఒక్క షరతు: అంతకుముందు అక్కడ వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప ఉండకూడదు. వాటికి పట్టే వడలు తెగులే దీనికీ పడుతుంది, ఆ శిలీంధ్రం మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది.

కుండీ మట్టికి నేను కలిపేది సగం కొబ్బరిపొట్టు, పావు ఎర్రమట్టి, పావు వర్మీకంపోస్టు, కుండీకి గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్ళు మార్చి కడగాలి. స్ట్రాబెర్రీ అన్నిటికంటే ఓర్చుకోలేనిది ఉప్పునే. రెండో ఏడు మా ఆడపడుచు ఫోన్ చేసి "వదినా, ఆకు అంచులన్నీ మాడిపోతన్నాయి, ఏటి చెయ్యాల?" అంది. మందు కొట్టడానికి సిద్ధంగా ఉంది. తెగులు కాదు, బోరు నీళ్ళు ఉప్పన. వాళ్ళ పాత నుయ్యి నీళ్ళు పోయించాక కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. ఇంట్లో నీటి శుద్ధి మిషన్ వదిలేసే నీళ్ళు మొక్కలకు పోస్తుంటాం కదా, అవి దీనికి పొయ్యకండి. ఉప్పంతా చేరేది ఆ నీళ్ళలోనే.

నాటేటప్పుడు చూడాల్సింది ఒక్కటి. మొక్క నడుమ కొత్త ఆకు మడత విప్పుకుంటూ వచ్చే చోటు ఉంటుంది, అదే మొవ్వు. ఆ మొవ్వు సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి. వేలి గోరంత లోతుకు దిగినా నీళ్ళు పోసినప్పుడల్లా మట్టి చేరి కుళ్ళుతుంది. పైకి తేలితే వేళ్ళ మొదలు ఎండిపోతుంది. నాటి, నీళ్ళు పోసి, మట్టి సర్దుకున్నాక మళ్ళీ ఒకసారి వంగి చూడండి. నీళ్ళతో పాటు మొక్క కిందికి దిగుతుంది, చాలామంది పొరబడేది అక్కడే.

కింద పరచడానికి వరిగడ్డా, ప్లాస్టిక్ షీటా అంటే మన ఊళ్ళో వరిగడ్డే. నవంబరు, డిసెంబరుల్లో కోతలయ్యాక కొత్త గడ్డి ఎక్కడైనా దొరుకుతుంది. పండు మట్టికి తగలదు, వేళ్ళు చల్లగా ఉంటాయి. గడ్డి కింద నత్తలు చేరతాయి, సాయంత్రం పూట ఎత్తి చూసి ఏరెయ్యాలి. షీటు పెద్ద పొలాలకు సరే.

పువ్వులు పూస్తున్నా పండు వంకరగా, ఒక పక్క గట్టిగా వస్తుంటే పరాగసంపర్కం చాలలేదని అర్థం. మూడో అంతస్తు మేడకు తేనెటీగలు అంతగా రావు. మెత్తటి రంగుల కుంచెతో ఉదయం తొమ్మిది పదింటి మధ్య ఒక్కో పువ్వు నడిమి బొడిపె చుట్టూ తిప్పితే చాలు. పక్కన రెండు బంతి మొక్కలు, కాస్త తులసి ఉన్నా తేనెటీగలు వస్తాయి. ఎరువు విషయంలో ఆశపడొద్దు. యూరియా, పచ్చి పేడ ఎక్కువైతే ఆకులు ఏపుగా వస్తాయి, పూత రాదు. పదిహేను రోజులకోసారి పలచటి జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి పులియబెట్టింది) నాకు సరిపోతోంది. పేనుబంకకు, ఫిబ్రవరిలో వచ్చే ఎర్రనల్లికి లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, ఆకు అడుగున తడిసేలా సాయంత్రం కొట్టండి.

పళ్ళా, పిల్లమొక్కలా

మొక్క కాస్త పెరిగాక మొదట్లోంచి సన్నటి ఎర్రటి తీగలు బయటికి పాకుతాయి. వీటిని రన్నర్లంటారు. తీగ మీద మొదటి కణుపు సాధారణంగా ఖాళీగా ఉంటుంది, రెండో కణుపు దగ్గర చిన్న ఆకుల గుత్తి, దాని అడుగున నువ్వుగింజల్లాంటి తెల్లటి బొడిపెలు కనిపిస్తాయి. అవే రాబోయే వేళ్ళు. ఆ పిల్లమొక్క తల్లికి అచ్చు నకలు. ఉచితంగా మొక్కలు వస్తున్నాయన్న సంతోషంలో అన్నిటినీ ఉంచేసుకుంటాం. ఇక్కడే తేల్చుకోవాలి: ఒకే మొక్క ఒకేసారి పళ్ళూ పిల్లలూ బాగా ఇవ్వలేదు.

నా పద్ధతి ఇది. ఫిబ్రవరి చివరిదాకా కనిపించిన ప్రతి రన్నర్‌నూ మొదట్లోనే కత్తిరించేస్తాను. పన్నెండు మొక్కల్లో ఏది తియ్యటి పళ్ళిచ్చిందో, ఏ ఆకుకూ మచ్చ రాలేదో చూసి రెండు కుండీలకు దారం కట్టి పెట్టుకుంటాను. మార్చి రాగానే ఆ రెండింటికీ పువ్వులు తుంచి, రన్నర్లను వదులుతాను. వేడికి అప్పుడవి జోరుగా వస్తాయి. మచ్చలున్న మొక్క నుంచి పిల్లను తీస్తే ఆ జబ్బు పిల్లతోనే వస్తుంది కాబట్టి జాలిపడి దాచకండి.

పిల్లమొక్కను నాటడం చాలా సులువు. టీ గ్లాసుకు అడుగున చిల్లు పెట్టి, కడిగిన కొబ్బరిపొట్టు నింపి తల్లి కుండీ పక్కన పెట్టండి. రన్నర్‌ను తెంపకుండా గుత్తిని గ్లాసు మీదికి తెచ్చి, జడపిన్నుతో తీగను మాత్రమే మట్టికి అదమండి. మొవ్వు పైనే ఉండాలి. గుత్తి దాటి ఇంకా ముందుకు పాకే కొసను తుంచెయ్యండి, లేకపోతే బలమంతా మూడో తరానికి పోతుంది. ఒక తల్లికి నాలుగు పిల్లలు చాలు. మూడు నాలుగు వారాలు గ్లాసు తడిగా ఉంచి, తర్వాత రెండు వేళ్ళతో మెల్లగా పైకి లాగి చూడండి. రాకుండా పట్టుకుంటే వేళ్ళు దిగినట్టు. అప్పుడు తల్లి వైపు తీగ కత్తిరించాలి. తొందరపడి ముందే కోసి, నీళ్ళలో వేళ్ళు రప్పిద్దామనుకున్నవాళ్ళున్నారు. చలికాలంలో కుదరొచ్చు, ఏప్రిల్‌లో మాత్రం వాడిపోతుంది. ముదురు మొక్క మొదలును రెండుగా చీల్చి నాటే పద్ధతి కూడా ఉంది. మన ఎండకు అలసిన మొక్కల్లో చీల్చడానికి మిగిలేది తక్కువ.

దాచడమా, ఏటా కొనడమా

పిల్లలు చేతికొచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఏప్రిల్, మే ఎండ, ఆ వెంటనే జూన్ నుంచి వానలు. ఎండకు చచ్చినవాటి కంటే వానల్లో మొవ్వు కుళ్ళి చచ్చినవే మా ఇంట్లో ఎక్కువ. ఎండను సగం ఆపే గ్రీన్ నెట్ కింద, నేల మీద తడి గోనెసంచి పరిచి, ఉదయం ఒకసారి సాయంత్రం ఒకసారి నీళ్ళిచ్చాను. వానలు మొదలవగానే సజ్జ కిందికి మార్చాను. ఎంత కాపాడినా ఒక ఏడాది ఎనిమిదింటిలో మూడు, మరుసటి ఏడాది ఎనిమిదింటిలో నాలుగు మిగిలాయి. మిగిలినవి అక్టోబరులో కొత్త కుండీల్లోకి మారి కాశాయి, అవి చూసినప్పుడు కలిగే తృప్తి వేరు. కానీ వాటి మీదే ఆధారపడి ఉంటే ఆ సంక్రాంతికి పిల్లలకు తలా రెండు పళ్ళు కూడా వచ్చేవి కావు.

అందుకే ఏటా అక్టోబరులో కొత్త మొక్కలు కొనమనే చెప్తాను. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు, వేసవిలో నెల రోజులు ఊరు వెళ్ళేవాళ్ళు ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఇంట్లో ఎప్పుడూ మనిషి ఉండి, సజ్జ కింద వెలుతురున్న చోటుంటే నాలుగైదు పిల్లల్ని దాచి చూడండి. అరకులోనో, సాలూరు అవతల కొండ ఊళ్ళలోనో చుట్టాలుంటే మార్చి ఆఖరుకు ఆ గ్లాసులు వాళ్ళకు అప్పజెప్పడం అన్నిటికంటే మేలు. నేను రెండుసార్లు అలా పంపాను. ఆరింటికి ఆరూ తిరిగి వచ్చాయి, ఒకటైతే రన్నర్‌తో సహా.

పళ్ళ కోతలో చెప్పాల్సింది ఒకటుంది. అరటి, మామిడిలా ఇది కోశాక మగ్గదు. భుజాల దగ్గర తెలుపు ఉండగా కోస్తే రంగు మారినా పులుపు పులుపే. తొడిమ కింద దాకా ఎరుపెక్కనిచ్చి, పొద్దున్నే తొడిమతో సహా గిల్లండి. ఆ ఒక్క రోజు ఆగడమే కష్టం, పిగిలిపిట్టలూ ఉడతలూ కూడా అదే రోజు కోసం కాచుకుని ఉంటాయి. పూత రాగానే దోమతెర ముక్క కప్పి, పరాగసంపర్కానికి పగటిపూట తీస్తూ ఉంటాను. పండు ఎరుపు తిరిగాక ఇక తియ్యను.

కాపు అయిపోయిన ముసలి మొక్కల్ని ఏప్రిల్‌లో పీకేసి, మట్టిని వారం ఎండకు పరిచి, మళ్ళీ కుండీల్లోకి ఎత్తండి. వాటిలో టమాటా, మిరప మాత్రం వెయ్యకండి. తొలకరికి గోంగూర చల్లితే సెప్టెంబరు దాకా పులుసుకూ పచ్చడికీ వస్తుంది, సిరిమాను నాటికి కుండీలు మళ్ళీ ఖాళీ అవుతాయి.